ఫ్రిస్కోలో ఒక సీజను, మెట్టకూరులో ఒక కుర్రాడు



ఈసారి రాసేది కాస్త పెద్దదే అవుతుంది. తీరిగ్గా కూర్చుని చదవండి. ఎందుకంటే దీని చివర మనందరం కలిసి తేల్చుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది.

పోయిన నెల సంఘం మీటింగుకి మన వీధి వాళ్లే ఒక భార్యాభర్త వచ్చారు. వాళ్లబ్బాయికి పదిహేడేళ్లు. ఆరడుగుల నాలుగంగుళాలు. మనలో చాలామంది వాణ్ణి చూసే ఉంటారు, సైకిల్ తొక్కుతుంటే మోకాళ్లు హ్యాండిలుకి తగులుతుంటాయి. వాడు బాస్కెట్‌బాల్ ఆడతాడు. బాగా ఆడతాడు. ఎక్కడో బయట రాష్ట్రంలో ఒక శిక్షణ సంస్థ వాళ్లు వాడి వీడియో చూసి ఫోన్ చేశారట. "రెండేళ్లు మా దగ్గర ఉంచండి, అక్కడి నుంచి అమెరికా లీగులోకి దారి చూపిస్తాం" అన్నారట. రెండేళ్లకి ఫీజు చెప్పారు. ఆ అంకె విని మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వాళ్లకున్నది పది సెంట్ల కొబ్బరితోట. అది అమ్మేద్దామని తండ్రి, వద్దని తల్లి. సంఘం ఏమంటుంది, సంఘం ఏమైనా సాయం చేస్తుందా అని అడగడానికి వచ్చారు.

ఆ రోజు మేము రెండు జట్లుగా విడిపోయాం. ఒక జట్టు "మన ఊరి పేరు నిలబెడతాడు, చందాలు వేద్దాం" అంది. రెండో జట్టు "డిగ్రీ చదివించండి బాబూ, ఈ పిచ్చి వదిలేయండి" అంది. గంటన్నర గొడవ అయ్యాక మా కార్యదర్శి గారు ఒక మాట అన్నారు: "ఇంతకీ ఆ అమెరికా లీగంటే ఏంటో, అక్కడికి మన దేశం నుంచి వెళ్లినవాళ్లు ఏమయ్యారో మనలో ఎవరికైనా తెలుసా?" ఎవరికీ తెలియదు. అందుకని తెలుసుకున్నాం. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

పెద్ద లీగు వెనక చిన్న లీగు

అమెరికాలో ఎన్‌బీఏ సంగతి అందరికీ తెలుసు. ముప్ఫై జట్లు, జట్టుకి పదిహేను మంది చొప్పున 450 ఉద్యోగాలు. ప్రపంచం మొత్తం మీద ఆ ఆటకి అంతకంటే పెద్ద కొలువు లేదు. ఆ 450లో చోటు దొరకనివాళ్లు, దొరికి పోగొట్టుకున్నవాళ్లు, ఇవాళ కాకపోతే రేపైనా దొరుకుతుందని ఎదురుచూసేవాళ్లు ఆడుకునే చిన్న లీగులు మొదటి నుంచీ ఉన్నాయి. తమాషా ఏంటంటే, వాటిలో ఒకటి పెద్ద లీగు కంటే వయసులో పెద్దది. 1946 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో మొదలైన ఒక లీగు తర్వాత కాంటినెంటల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ అయింది. ఇవాళ్టి ఎన్‌బీఏకి తల్లివేరు లాంటి సంస్థ అదే ఏడాది జూన్‌లో పుట్టింది. ఆ కాంటినెంటల్ లీగు 2001 మొదట్లో డబ్బుల్లేక సీజను మధ్యలోనే కూలిపోయింది.

అదే 2001 నవంబరులో ఎన్‌బీఏ తన సొంత చిన్న లీగు పెట్టుకుంది. ఎనిమిది జట్లు, అన్నీ అమెరికా ఆగ్నేయ మూలన ఉన్న మధ్యరకం ఊళ్లలో. నార్త్ కరోలినాలో యాష్‌విల్, ఫేయెట్‌విల్; సౌత్ కరోలినాలో గ్రీన్‌విల్, నార్త్ చార్లెస్టన్; అలబామాలో హంట్స్‌విల్, మొబీల్; జార్జియాలో కొలంబస్; వర్జీనియాలో రోనోక్. మొదటి సీజను కప్పు గ్రీన్‌విల్ వాళ్లు కొట్టారు. మరి 2006 నాటికి ఏమైంది? ఆ ఎనిమిదిలో ఒక్క జట్టూ తన మొదటి ఊళ్లో మిగల్లేదు. కొన్ని మూతపడ్డాయి, కొన్ని వేరే ఊళ్లకి తరలిపోయి పేర్లు మార్చుకున్నాయి. ఆటగాళ్లే కాదు, చిన్న లీగులో జట్లు కూడా అద్దె ఇంట్లో ఉన్నట్టే ఉంటాయి. ఇది మొదటి పాఠం.

ఆ లీగునే డీ-లీగ్ అన్నారు. డెవలప్‌మెంట్, అంటే ఆటగాణ్ణి తయారుచేసే లీగు. 2017లో ఒక శీతల పానీయం కంపెనీ స్పాన్సరు కావడంతో అందులో మొదటి అక్షరం పెట్టుకుని జీ-లీగ్ అయింది. మన కుర్రాడికి ఫోన్ చేసినవాళ్లు చెప్పిన "అమెరికా లీగు" ఇదే.

ఫ్రిస్కో

ఇప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోకి వద్దాం. మన గోదావరి జిల్లాల వాళ్లకి ఫ్రిస్కో పేరు కొత్త కాదు. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఆ ఊళ్లో ఇప్పుడు తెలుగు వినపడని వీధి లేదంటారు. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్న ఊరు అదే. మన వైపు నుంచి వెళ్లిన పిల్లలు కూడా అక్కడ ఉన్నారు.

ఆ ఊళ్లో టెక్సస్ లెజెండ్స్ అని ఒక జట్టు ఉంది. అంతకుముందు కొలరాడోలో ఉండేది. దాన్ని కొని ఇక్కడికి తెచ్చి 2010-11 సీజను నుంచి ఆడించారు. ఆ మొదటి సీజనుకి కోచ్ ఒక మహిళ, నాన్సీ లీబర్‌మన్. మగవాళ్ల ప్రొఫెషనల్ జట్టుకి ఆ లీగులో ఒక ఆడమనిషి హెడ్ కోచ్ కావడం అదే మొదటిసారి. కొత్త జట్టుని ఆమె మొదటి ఏడాదే ప్లేఆఫ్స్ దాకా తీసుకెళ్లారు. పెద్ద లీగు ఇప్పటిదాకా చేయలేని పని చిన్న లీగు 2010లోనే చేసింది. అలాంటి మంచి కూడా చిన్న లీగులోనే ఉంటుంది, ఎందుకంటే అక్కడ పోయేది తక్కువ కాబట్టి ధైర్యం ఎక్కువ.

లెజెండ్స్ వెనక ఉన్న పెద్ద జట్టు డాలస్ మావెరిక్స్. వాళ్ల ఆట స్థలం డాలస్‌లో, పందొమ్మిది వేల మంది పట్టేది. లెజెండ్స్ ఆడేది ఫ్రిస్కోలో నాలుగైదు వేల మంది పట్టే హాలు. రెండింటి మధ్య దూరం నలభై కిలోమీటర్లు అటూ ఇటూగా. మనకి కాకినాడ ఎంత దూరమో, దానికి కాస్త ఎక్కువ. కారెక్కితే ముప్పావుగంట. ఆ ముప్పావుగంట దూరం దాటడానికి కొందరికి నెల పట్టింది, కొందరికి ఏళ్లు పట్టాయి, ఎక్కువమంది దాటనే లేదు.

బల్లో కే నుంచి వచ్చినవాడు

2015-16 సీజనులో ఆ జట్టులో మన దేశపు కుర్రాడు ఒకడు ఉన్నాడు. సత్నామ్ సింగ్ భమరా. పంజాబులో బర్నాలా దగ్గర బల్లో కే అనే చిన్న ఊరు. తండ్రి బల్బీర్ సింగ్ రైతు, పిండిమర కూడా నడిపేవాడు. తండ్రి కూడా ఏడడుగుల మనిషే. ఆయన్ని కుర్రతనంలో బాస్కెట్‌బాల్ ఆడమన్నారట, పొలం పని ఎవరు చేస్తారని ఇంట్లో పంపలేదట. తనకి దొరకనిది కొడుక్కి దొరకాలని ఆయన పట్టు పట్టాడు. మన ఊళ్లో కొబ్బరితోట అమ్ముతానంటున్న తండ్రి గుర్తొచ్చాడా? మాకూ గుర్తొచ్చాడు.

సత్నామ్‌ని లుధియానా బాస్కెట్‌బాల్ అకాడమీలో చేర్చారు. అక్కడ కోచ్ డాక్టర్ ఎస్. సుబ్రమణ్యన్. దక్షిణాది నుంచి వెళ్లి పంజాబు పిల్లల్ని తయారుచేసిన మనిషి. 2013లో కాలం చేశారు. 2010లో ఐఎంజీ-రిలయన్స్ వాళ్లు దేశం మొత్తం మీద నలుగురు అబ్బాయిల్ని, నలుగురు అమ్మాయిల్ని ఎంపిక చేసి ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి స్కాలర్‌షిప్ మీద పంపారు. వాళ్లలో సత్నామ్ ఒకడు. అప్పుడతనికి పద్నాలుగేళ్లు. ఇంగ్లిషు ముక్క రాదు. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి: ఆ కుటుంబం ఫీజు కట్టి పంపలేదు, స్కాలర్‌షిప్ వచ్చి వెళ్లాడు. ఇది తర్వాత పనికొస్తుంది.

2015 జూన్ 25న ఎన్‌బీఏ డ్రాఫ్ట్ జరిగింది. డ్రాఫ్ట్ అంటే పెద్ద జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పంపకం. మొత్తం అరవై పేర్లు పిలుస్తారు. యాభై రెండో పేరుగా మావెరిక్స్ వాళ్లు సత్నామ్‌ని పిలిచారు. మన దేశంలో పుట్టినవాడు ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపిక కావడం అదే మొదటిసారి. ఏడడుగుల రెండంగుళాలు, పందొమ్మిదేళ్లు. ఆ రాత్రి దేశమంతా వార్త. "వంద కోట్లలో ఒకడు" అనే అర్థం వచ్చే పేరుతో మరుసటి ఏడు డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

మనలో చాలామందికి ఇంతవరకే గుర్తుంది. పేపర్లో ఫొటో చూశాం, సంతోషించాం, మర్చిపోయాం. ఆ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పలేదు.

డ్రాఫ్ట్‌లో పిలిస్తే ఉద్యోగం ఇచ్చినట్టు కాదు. మొదటి ముప్ఫై పేర్లకి కాంట్రాక్టు ఖాయం. తర్వాతి ముప్ఫైకి ఖాయం కాదు. "ఇతను మా వాడు, వేరేవాళ్లు తీసుకోకూడదు" అని పేరు రాసిపెట్టుకోవడం మాత్రమే. నిశ్చితార్థం లాంటిది, పెళ్లి కాదు. జూలైలో లాస్ వేగస్ సమ్మర్ లీగులో మావెరిక్స్ చొక్కా వేసుకుని ఆడాడు. నవంబరు వచ్చేసరికి మావెరిక్స్ కాంట్రాక్టు ఇవ్వలేదు. ఫ్రిస్కోకి పంపారు.

ఆ సీజను

2015-16 డీ-లీగ్‌లో పందొమ్మిది జట్లు. జట్టుకి 50 మ్యాచ్‌లు. నవంబరు మధ్యలో మొదలై ఏప్రిల్ మొదట్లో అయిపోతుంది. ఆ ఏడాది లెజెండ్స్ కోచ్ నిక్ వాన్ ఎక్సెల్, ఒకప్పుడు ఎన్‌బీఏలో పేరున్న ఆటగాడు.

జీతాల సంగతి అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నాం. ఆ సీజనులో డీ-లీగ్ ఆటగాళ్లకి మూడు తరగతుల జీతాలు. సీజను మొత్తానికి మొదటి తరగతికి 25 వేల డాలర్లు, రెండో దానికి 19 వేలు, మూడో దానికి 13 వేలు. అప్పటి మారకం ప్రకారం మూడో తరగతి జీతం మన డబ్బులో ఎనిమిది లక్షల చిల్లర. ఉండడానికి చోటు, ఆరోగ్య బీమా జట్టు చూస్తుంది. అదే ఏడాది ఎన్‌బీఏలో కొత్తగా చేరినవాడికి ఇచ్చే అతి తక్కువ జీతం 5 లక్షల 25 వేల డాలర్లు. అంటే ముప్పావుగంట దూరంలో ఉన్న రెండు హాళ్ల మధ్య జీతం ఇరవై రెట్ల నుంచి నలభై రెట్ల తేడా. అదే బంతి, అదే పది అడుగుల ఎత్తున రింగు.

సత్నామ్ ఆ సీజనులో ఆడింది బహు తక్కువ. యాభై మ్యాచ్‌లలో చాలా వాటిలో బెంచీ మీదే ఉన్నాడు. దిగినప్పుడు కూడా కొద్ది నిమిషాలే. మరుసటి సీజను 2016-17లోనూ ఫ్రిస్కోలోనే ఉన్నాడు. అప్పుడూ అంతే. ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే వెనక్కి వచ్చాడు.

ఎందుకలా? వాడు సోమరి అయ్యా? కాదు. చేతకాక? పూర్తిగా అదీ కాదు. మేము చదివినదాన్ని బట్టి మాకు అర్థమైంది ఇది.

బాస్కెట్‌బాల్ అంటే పొడుగువాళ్ల ఆట అని మనం అనుకుంటాం. సత్నామ్‌ని ఎంచుకున్నప్పుడు లుధియానాలోనూ, ఫ్లోరిడాలోనూ అదే లెక్క: రింగు దగ్గర నిలబడే కొండ లాంటి మనిషి కావాలి. కానీ అతను ఫ్రిస్కోలో అడుగుపెట్టిన ఆ సీజనులోనే ఆట రూపం మారిపోయింది. 2015-16లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 82 మ్యాచ్‌లలో 73 గెలిచారు. వాళ్ల స్టీఫెన్ కర్రీ, ఆరడుగుల మూడంగుళాలవాడు, ఒక్క సీజనులో 402 మూడు పాయింట్ల బుట్టలు వేశాడు. అంతకుముందు ఎవరూ 300 కూడా దాటలేదు. రింగు దగ్గర కాచుకునే ఆట పోయి, దూరం నుంచి వేసే ఆట, పరుగు ఆట వచ్చింది. పొడుగువాడైనా సరే, బయటికి పరిగెత్తుకొచ్చి చురుకైన చిన్నవాణ్ణి అడ్డుకోవాలి. అది రానివాడికి చోటు లేదు. అదే 2015 డ్రాఫ్ట్‌లో మూడో పేరుగా పిలిచిన జలీల్ ఒకాఫర్ కూడా రింగు దగ్గర ఆడే పొడుగువాడే. మూడో పేరువాడే కొన్నేళ్లలో పెద్ద లీగులో చోటు పోగొట్టుకున్నాడు. యాభై రెండో పేరువాడి మాట వేరే చెప్పాలా?

ఈ మార్పు చిన్న లీగులోనే ముందు వచ్చింది. టెక్సస్‌లోనే రియో గ్రాండ్ వ్యాలీ వైపర్స్ అని హ్యూస్టన్ వాళ్ల చిన్న జట్టు ఉంది. 2013-14లోనే వాళ్లు మ్యాచ్‌కి నలభైకి పైగా మూడు పాయింట్ల షాట్లు వేసి చూశారు. పెద్ద జట్టు చేయదలచుకున్న ప్రయోగం ముందు చిన్న జట్టు మీద చేస్తారు. నారుమడిలో వేసి చూసి తర్వాత పొలంలో నాటినట్టు. ఆ నారుమడిలో మొలకెత్తేది మొలకెత్తుతుంది, మిగిలినది అక్కడే పోతుంది.

ఆ సీజను కప్పు సూ ఫాల్స్ స్కైఫోర్స్ వాళ్లది. 50లో 40 గెలిచి, ఫైనల్లో లాస్ ఏంజెలిస్ డీ-ఫెండర్స్‌ని రెండు-ఒకటితో ఓడించారు. ఈ స్కైఫోర్స్ 1989లో, మనం పైన చెప్పుకున్న కూలిపోయిన కాంటినెంటల్ లీగులో పుట్టిన జట్టు. తన లీగు చచ్చిపోయినా తాను ఊరు మారకుండా నిలబడి, పదిహేనేళ్ల తర్వాత కొత్త లీగులో కప్పు కొట్టింది. ఊరు వదలని జట్టు ఒకటైనా గెలిచిందని మాకు ఎందుకో సంతోషం అనిపించింది.

ఇన్నేళ్లుగా ఫ్రిస్కోలో ఉంటున్న మన పిల్లని ఒకసారి ఫోన్‌లో అడిగాం, ఆ హాలు తెలుసా అని. "ఆ పక్కనుంచే కదా బాబాయ్ రోజూ ఆఫీసుకి వెళ్లేది" అంది. లోపల అప్పట్లో మన దేశపు కుర్రాడు ఒకడు ఉన్నాడని తెలుసా అంటే కాసేపు మాట్లాడలేదు. "తెలిస్తే ఒకరోజు భోజనానికి పిలిచేవాళ్లం" అంది. ఆ మాట మా అందరికీ గుచ్చుకుంది. దూరదేశంలో బెంచీ మీద కూర్చున్న పందొమ్మిదేళ్ల కుర్రాడికి ఏడాదిలో ఒక్క పూట ఇంటి భోజనం దొరికితే ఎంత బలమో, పిల్లల్ని దూరం పంపిన మన ఇళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

దాటినవాళ్లూ ఉన్నారు

అన్యాయంగా రాయకూడదు కాబట్టి ఇదీ రాస్తున్నాం. ఆ చిన్న లీగు నుంచి పైకి వెళ్లినవాళ్లు బోలెడుమంది. జెరెమీ లిన్ అనే తైవాన్ మూలాల కుర్రాడు 2012 జనవరిలో ఈరీ అనే ఊరి జట్టు తరఫున చిన్న లీగు మ్యాచ్ ఆడాడు. రెండు వారాల తర్వాత న్యూయార్క్ జట్టులో దిగి ఆ నగరాన్నంతా ఊపేశాడు. క్రిస్ మిడిల్టన్ ఫోర్ట్ వేన్‌లో ఆడి, తర్వాత మిల్వాకీ జట్టుతో ఎన్‌బీఏ కప్పు గెలిచాడు. పాస్కల్ సియాకమ్ 2017లో రాప్టర్స్ 905 జట్టుతో చిన్న కప్పు, 2019లో టొరంటోతో పెద్ద కప్పు కొట్టాడు.

మన దేశం నుంచి సత్నామ్ తర్వాత కూడా వెళ్లారు. పాల్‌ప్రీత్ సింగ్ బ్రార్‌ని 2016లో లాంగ్ ఐలాండ్ నెట్స్ ఎంచుకుని, సీజను మొదలవకముందే వదులుకున్నారు. అమ్‌జ్యోత్ సింగ్ 2017-18లో ఓక్లహోమా సిటీ బ్లూ జట్టులో ఆడాడు. ప్రిన్స్‌పాల్ సింగ్ 2020-21లో ఇగ్నైట్ జట్టులోనూ, తర్వాత స్టాక్టన్‌లోనూ ఆడాడు. పెద్ద లీగు మ్యాచ్ దాకా మాత్రం వీళ్లలో ఎవరూ వెళ్లలేదు.

సత్నామ్ కథ కూడా ఫ్రిస్కోతో ఆగలేదు. దేశం తరఫున ఆడాడు. కెనడాలో ఒక సీజను ఆడాడు. డోపింగ్ పరీక్షలో చిక్కి 2020 చివర రెండేళ్ల నిషేధం పడింది. 2021లో అమెరికాలో కుస్తీల కంపెనీ ఒకటి తీసుకుంది, ఇప్పుడతను ప్రొఫెషనల్ రెజ్లరు. సొంత కాళ్ల మీద నిలబడ్డాడు. అతన్ని ఓడిపోయినవాడని అనే హక్కు మనకి లేదు. అరవై మందిలో ఒకడిగా పేరు పిలిపించుకున్నవాడు. మనం చూడాల్సింది అతని గెలుపు ఓటములు కావు, అతని వెనక ఏముంది అని.

వెనక ఉన్నది లుధియానా. సత్నామ్, పాల్‌ప్రీత్, ప్రిన్స్‌పాల్ ముగ్గురూ ఆ ఒక్క అకాడమీ పిల్లలే. ఒక హాలు, ఒక పట్టుదలగల కోచ్, తిండి, వసతి, ఏటేటా వచ్చే కొత్త పిల్లలు. ఒక్క మొక్కకి నీళ్లు పోస్తే చెట్టు అయినా కావచ్చు, ఎండిపోనూ వచ్చు. తోట వేస్తే ఏదో ఒకటి కాపుకొస్తుంది.

మరి మన తెలుగు నేల మీద

మన దగ్గర కూడా ప్రయత్నాలు జరిగాయి. 2015లోనే యూబీఏ అనే ప్రొఫెషనల్ లీగు ఎనిమిది జట్లతో మొదలైంది. అందులో మన తెలుగు జట్టు హైదరాబాద్ స్కై. టీవీలో కూడా వచ్చేది. నాలుగు సీజన్లు నడిచి 2017తో ఆగిపోయింది. 2018లో ముగ్గురేసి ఆడే 3బీఎల్ లీగు వచ్చింది, అందులో హైదరాబాద్ బాలర్స్. తర్వాత ఐఎన్‌బీఎల్ వచ్చింది. అయిదుగురేసి ఆడే దాని మొదటి సీజనులో చెన్నై, బెంగళూరు, కొచ్చి, ముంబయి, ఢిల్లీ, చండీగఢ్ ఉన్నాయి, మన తెలుగు జట్టు లేదు. 2025లో పాతికేళ్ల లోపు వాళ్లకని పెట్టిన ప్రో లీగులో మళ్లీ హైదరాబాద్ ఫాల్కన్స్ వచ్చింది.

పదేళ్లలో మూడు పేర్లు: స్కై, బాలర్స్, ఫాల్కన్స్. 2001లో ఆ అమెరికా ఊళ్ల కథే ఇది. పేరు మారుతుంది, చొక్కా మారుతుంది, పిల్లవాడి వయసు మాత్రం ఆగదు కదా. పద్దెనిమిదేళ్లకి ఒక లీగు చూసి చదువు మానేసినవాడికి ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆ లీగే ఉండకపోవచ్చు.

ఇక మన యానాం సంగతి. మన ఊరి చరిత్రంతా గీతల చరిత్రే. 1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం వస్తే, గీతకి ఇవతల ఫ్రెంచి యానాంలో అది చెల్లదని బాల్యవివాహాలకి ఇక్కడికి బళ్లు కట్టుకుని వచ్చేవారు. 1954లో ఫ్రెంచివాళ్లు పోయారు, గీత మాత్రం మిగిలింది. మన కుర్రాడు కాకినాడలో ఆడగలడు, స్నేహితులంతా అక్కడే. కానీ జాతీయ పోటీలకి రాష్ట్రం తరఫున ఆడాలంటే వాడిది పుదుచ్చేరి. ఎంపికలకి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. రైలు ఖర్చు, రెండు రోజుల కాలేజీ, తోడు ఎవరో ఒకరు. ఫ్రిస్కో నుంచి డాలస్‌కి నలభై కిలోమీటర్లు దాటడం ఎంత కష్టమో చెప్పుకున్నాం. మన పిల్లాడికి మొదటి మెట్టే ఎనిమిది వందల కిలోమీటర్లు.

అయితే ఇంకో ఉదాహరణ మన పక్కనే ఉంది. వంతెన దాటి ఎదుర్లంక, ముమ్మిడివరం మీదుగా వెళ్తే అమలాపురం. సాత్విక్‌సాయిరాజ్ అక్కడివాడే. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. ముందు ఇంటి దగ్గరే ఆట నేర్చుకున్నాడు, తర్వాతే హైదరాబాదులో గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్ స్థానం. అక్కడ కూడా వరస అదే: ముందు ఊళ్లో కోర్టు, తర్వాత దగ్గరి నగరంలో గట్టి అకాడమీ, ఆ తర్వాత ప్రపంచం. ఒక్క గంతులో ఎవరూ వెళ్లలేదు.

సంఘం అనుకుంటున్నది

ఇవన్నీ చదివాక మేము మళ్లీ కూర్చున్నాం. ఈసారి రెండు జట్లు లేవు. మేము అనుకున్నది ఇది.

ఒకటి. కొబ్బరితోట అమ్మొద్దు. ఫీజు తీసుకుని అమెరికా చూపిస్తామన్నవాళ్ల దారి, పైన చెప్పుకున్న ఎవరి కథలోనూ మాకు కనపడలేదు. నిజంగా ఎంచుకున్నవాళ్లు డబ్బు అడగలేదు, స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకెళ్లారు. ఒక్క గేటు మీదే ఊరంతా ఆశ పెట్టుకుంటే ఆ గేటు మూసుకున్న రోజున ఏమవుతుందో 2012 జనవరిలో మనం కళ్లారా చూశాం. ఒక ఇంటిని మళ్లీ అలాంటి గేటు ముందు నిలబెట్టొద్దు.

రెండు. అలాగని వాణ్ణి ఆట మానమనొద్దు. వాడి ఎత్తు ఆరడుగుల నాలుగు. ఇప్పటి ఆటలో ఆ ఎత్తుకి బంతి చేతిలో ఆడించడం, దూరం నుంచి వేయడం రావాలి. ఎత్తు చూసి రింగు కింద నిలబెట్టే కోచింగు వాడికి పనికిరాదు. ఇది సత్నామ్ సీజను మనకి నేర్పిన మాట. పుదుచ్చేరి ఎంపికలకి ఈ ఏడాది వాడి రైలు ఖర్చు, తోడు వెళ్లేవాళ్ల ఖర్చు సంఘం పెట్టుకుంటుంది. డిగ్రీలో చేరడం మాత్రం షరతు. ఇంగ్లిషు, హిందీ మాట్లాడడం ఇప్పటినుంచే నేర్పడానికి మనలో ఇద్దరు టీచర్లు ముందుకొచ్చారు.

మూడు, ఇదే ముఖ్యం. చందాల మాట వచ్చింది కదా. ఆ చందా ఒక్కడి ఫీజుకి కాదు, మెట్టకూరులో ఒక మంచి కోర్టుకి వేద్దాం. సిమెంటు నేల, రెండు వైపులా గట్టి రింగులు, సాయంత్రం ఆడుకోవడానికి లైట్లు. వారానికి రెండు రోజులు కాకినాడ నుంచి కోచ్ వచ్చేలా మాట్లాడదాం. ఆడపిల్లలకి వేరే సమయం. మన కుర్రాడు అక్కడే చిన్నపిల్లలకి నేర్పుతాడు, నేర్పితే తానూ నేర్చుకుంటాడు.

ఇది విని ఆ తల్లి ఏమీ అనలేదు, కొంగుతో కళ్లు తుడుచుకుంది. తండ్రి మాత్రం లేస్తూ అన్నాడు: "మీరు చెప్పింది సబబే. కానీ వాడికి పదిహేడేళ్లు. మీ కోర్టు తయారయ్యేసరికి వాడి వయసు అయిపోతే?"

నిజమే. దానికి మా దగ్గర జవాబు లేదు. బల్బీర్ సింగ్ కూడా అలాగే అనుకుని ఉంటాడు. అందుకే కోర్టు సంగతి వచ్చే ఏటికి అనొద్దు. వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి సంఘం భవనంలో స్థలం గురించి, ఖర్చు గురించి మాట్లాడుకుందాం. స్థలం చూపించగలవాళ్లు, మేస్త్రీ పని తెలిసినవాళ్లు, పాత సిమెంటు మిగిలినవాళ్లు కూడా రండి. దూరదేశాల్లో ఉన్న మన పిల్లలు డబ్బు పంపకపోయినా పరవాలేదు, మీ ఊరి హాల్లో మనవాడెవడైనా బెంచీ మీద కూర్చున్నాడేమో ఒకసారి చూసి, భోజనానికి పిలవండి.

ఆదివారం ఆ కుర్రాణ్ణి కూడా రమ్మన్నాం. వాడి గురించి ఇంత మాట్లాడుకున్నాం, వాడు ఏమంటాడో మాత్రం ఇంతవరకు ఎవరమూ అడగలేదు.

మెట్టకూరు సంఘం తరఫున, నమస్కారాలతో.